గుడ్లు వేయించే అవ్వ బొమ్మతో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలకు మాస్టారి జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే.

ప్రశ్న: మాస్టారూ, మాది కావలి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పెన్సిల్‌తో, వాటర్ కలర్‌తో బొమ్మలు వేయడం చిన్నప్పటి నుంచి అలవాటే గానీ ఆయిల్ రంగులు పట్టుకోవడం ఇదే మొదలు. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ‘గుడ్లు వేయించే ముసలమ్మ’ బొమ్మ చూసిన దగ్గర్నుంచి దాన్ని ఎలాగైనా వేయాలని పట్టుబట్టి కూర్చున్నాను. మొదలుపెట్టాను కూడా. తీరా అవ్వ మొహం దగ్గరికి వచ్చేసరికి, నీడ కోసం ఒంటి రంగులో నలుపు కలుపుతుంటే అంతా బురదగా తయారవుతోంది. మావారేమో ముందు ఒక ఆపిల్ పండు వేసి చూపించు, మనుషుల సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. దగ్గర్లో నేర్పేవాళ్లు లేరు. అసలు ఇంకొకరి బొమ్మ చూసి వేయడం సరైన పద్ధతేనా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక టీచరమ్మ, కావలి

జవాబు: అమ్మా, సరైన పద్ధతేనా అన్న అనుమానం ముందు తీసి పక్కన పెట్టండి. పేరుమోసిన చిత్రకారుడు రూబెన్స్ 1628లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ వెళ్లేటప్పటికి ఆయనకు యాభై దాటింది. యూరప్ రాజులు ఆయన బొమ్మల కోసం ఎదురుచూసే రోజులవి. అయినా అక్కడి రాజుగారి దగ్గరున్న ఇటలీ పాత చిత్రకారుడు టిషియన్ చిత్రాల ముందు నిలబడి వాటిని చూసి వేసుకున్నాడు. అప్పటికి అక్కడ ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నది ఎవరనుకున్నారు, ముప్పై కూడా నిండని మీ వెలాస్కెజే. మన ఇళ్లల్లో లక్ష్మీదేవి, సరస్వతి పటాలుగా వెలసిన బొమ్మల అసలు చిత్రకారుడు రవివర్మ కూడా, తిరువనంతపురం ఆస్థానానికి వచ్చిన విదేశీ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ పనిచేస్తుంటే చూసి ఆయిల్ పద్ధతి పట్టుకున్నవాడే. కాబట్టి దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు.

అయితే చూసి వేసేటప్పుడు దేన్ని చూస్తున్నామన్నది ముఖ్యం. పైకి కనిపించే రంగు వెంటపడితే మీకు వచ్చేది బురదే, ఎన్ని ట్యూబులు కొన్నా అంతే. ఆయన ఏది ముందు వేశాడు, ఏది ఆరనిచ్చి దాని మీద ఏది వేశాడు, ఎక్కడ రంగు పలచగా వదిలాడు, ఎక్కడ దట్టంగా పెట్టాడు, ఆ వరుసను చూసి వేయాలి. ఆయిల్ పెయింటింగ్ అంటే ఆ వరుసే. వాటర్ కలర్ నుంచి వచ్చారు కాబట్టి మీకు అన్నీ ఒకేసారి ముగించే అలవాటు ఉంటుంది, ఇక్కడ దాన్ని కొంచెం అదుపులో పెట్టుకోవాలి.

మీరు ఎంచుకున్న బొమ్మ మాత్రం చాలా మంచిది, నేనైనా అదే చెప్పేవాణ్ణి. 1618లో సెవిల్ ఊళ్లో వేశాడు, అప్పటికి వెలాస్కెజ్ వయసు పద్దెనిమిదో పంతొమ్మిదో. ఇప్పుడు ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ నేషనల్ గ్యాలరీలో ఉంది. రాజులు లేరు, దేవతలు లేరు. కుంపటి మీద మట్టి మూకుడు, అందులో గుడ్లు, ఒక చేత్తో చెక్క గరిటె, ఇంకో చేత్తో ఇంకో గుడ్డు పట్టుకున్న ముసలమ్మ, పుచ్చకాయలాంటి కాయ చంకన పెట్టుకుని గాజు సీసా పట్టుకున్న కుర్రాడు, ముందర రోలు, ఉల్లిపాయ, గిన్నె మీద అడ్డంగా పెట్టిన కత్తి. వెనకంతా చీకటి. చీకటి వెనక ఉంటే నేర్చుకునేవాళ్లకు సగం బరువు తగ్గినట్టే, వెలుగు పడిన చోట మాత్రం చూసుకుంటే చాలు. పైగా రంగులు తక్కువ, ఎక్కువగా మట్టి రంగులే. టైటానియం వైట్, ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు), బర్న్‌ట్ సియెనా (ఎర్ర మట్టి రంగు), రా అంబర్ (గోధుమ మట్టి రంగు), ఐవరీ బ్లాక్, కొంచెం వర్మిలియన్, ఇవి చాలు. మీ డబ్బాలో ఉన్న మిగతావి మూత తియ్యకండి.

సైజు సంగతి. అసలు బొమ్మ 100.5 సెంటీమీటర్ల ఎత్తు, 119.5 సెంటీమీటర్ల వెడల్పు. మీరు 20, 24 అంగుళాల కాన్వాస్ తీసుకుంటే దాదాపు సరిగ్గా సగం వస్తుంది. లెక్కల టీచరు కదా, చూసుకోండి: సగం చేస్తే ఎత్తులో అర సెంటీమీటరు, వెడల్పులో సెంటీమీటరుకు కొంచెం పైన మిగులుతాయి, వాటిని అంచుల చీకట్లో కలిపేయండి. సగం సైజు కాబట్టి కొలతలన్నీ రెండుతో భాగిస్తే సరి.

తెల్ల కాన్వాస్ మీద మాత్రం మొదలుపెట్టవద్దు. సెవిల్‌లో అప్పట్లో అక్కడి మట్టినే నూనెలో నూరి కాన్వాస్‌కు అడుగు పూతగా వేసేవాళ్లు, వెలాస్కెజ్ మామగారూ గురువూ అయిన పచేకో తన పుస్తకంలో ఆ సంగతి రాశాడు. మీరు అంబర్‌ను టర్పెంటైన్‌తో బాగా పలచన చేసి పూసి పాత బట్టతో తుడవండి. నడిమధ్య గోధుమ రంగు మిగలాలి. తెలుపు మీద ఏ రంగు పెట్టినా ఉన్నదాని కంటే నల్లగా కనిపిస్తుంది, దాంతో చెయ్యి భయపడి అన్నింట్లో తెల్ల రంగు కలుపుతుంది. మీ బురదకు అది ఒక కారణం.

బొమ్మ ప్రింటు మీదా కాన్వాస్ మీదా గళ్లు గీసుకునే గీత దించుకోండి, తప్పులేదు. కానీ గళ్లతో పెద్ద చోట్లు మాత్రమే పెట్టుకోండి: తల పైభాగం, భుజం, మోచెయ్యి, మూకుడు అంచు. తర్వాత మేస్త్రీలు గోడకు పట్టే గుండు దారంలాంటిది ఒకటి ప్రింటు ముందు వేలాడదీసి, అవ్వ కంటి కింద నిలువుగా ఏమొస్తుంది, కుర్రాడి చెవి కింద ఏమొస్తుంది అని చూడండి. వస్తువుల కంటే వాటి మధ్య ఖాళీల ఆకారాలు చూడటం అలవాటు చేసుకోండి. గరిటె పట్టిన చేతికీ మూకుడుకీ మధ్య ఒక చీకటి ముక్క ఉంటుంది, ఆ ముక్క సరిగ్గా వస్తే చెయ్యి దానంతటదే సరైన చోట ఉంటుంది. ఇంకోటి, మూకుడు, బల్ల కొంచెం పైకి ఎత్తినట్టు, మనకు లోపలిది కనిపించేట్టు వేశాడు. అది తప్పనుకుని మీరు సరిచేయకండి, గుడ్లు చూపించడానికే అలా వేశాడు.

ఇక అసలు పని. రంగులు కనిపించకుండా నలుపు తెలుపు ప్రింటు ఒకటి తీయించుకుని, కళ్లు సగం మూసి చూస్తూ, అంబర్, తెలుపు రెండే వాడి మొత్తం బొమ్మ వేయండి. నీడలన్నీ పలచని అంబర్. అందులో తెలుపు చుక్క కూడా పడకూడదు. వెలుగు పడిన చోట తెలుపు. అవ్వ తల మీద ముసుగు, నుదురు, చెయ్యి, గుడ్లు, గిన్నె, వీటిల్లో ఏది అన్నిటికంటే తెల్లగా ఉందో ముందు తేల్చుకోండి, మిగతావన్నీ దాని కంటే ఒక మెట్టు దిగువనే ఉండాలి. ఈ పొర చూసి ఇంట్లోవాళ్లు బొమ్మ అయిపోయినట్టే ఉందే అనాలి. అనకపోతే రంగుకు వెళ్లొద్దు.

ఆరాక రంగు. మీరు ఒంటి రంగులో నలుపు కలిపి నీడ చేస్తున్నారు కదా, అది మానేయండి. నీడ కింద పొరలోనే ఉంది. దాని మీద నూనె కలిపిన బర్న్‌ట్ సియెనా అద్దంలా పలచగా రుద్దితే కింద అంబర్ కనిపిస్తూ వేడిగా వస్తుంది. వెలుగు పక్కన మాత్రం తెలుపు, ఓకర్, కొంచెం సియెనా దట్టంగా పెట్టండి, ముక్కు కొన మీద, వేళ్ల కణుపుల మీద రవ్వంత వర్మిలియన్. వెలుగుకూ నీడకూ మధ్య సన్నని పట్టీ ఉంటుంది చూడండి, అక్కడ ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపి పెట్టండి. రంగులు కలుపుకునే పాలెట్ పలక మీద అది ఉత్త బూడిద రంగు, గోధుమ రంగుల పక్కన పెట్టగానే నీలంగా కనిపిస్తుంది. ఇంత తక్కువ రంగులతో, నీలం ట్యూబు లేకుండానే చల్లదనం ఎలా వస్తుందో అక్కడే తెలుస్తుంది. పెట్టిన రంగును బ్రష్‌తో అదేపనిగా దువ్వకండి. పక్కపక్కన పెట్టండి, అంచు ఒక్కసారి తాకండి, వదిలేయండి.

గుడ్ల దగ్గర ఆగి చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఈ బొమ్మకు ప్రాణం అక్కడుంది. తెల్లసొన అంచులు ఉడికి తెల్లబడ్డాయి, లోపల ఇంకా పచ్చిగా, అడుగున మూకుడు రంగు కనిపించేంత పలచగా ఉంది. ఆ క్షణం పట్టుకున్నాడు ఇరవై కూడా నిండని వెలాస్కెజ్. దీన్ని వేయాలంటే ముందు మూకుడు లోపలి గోధుమ రంగు పూర్తిగా వేసి ఆరనివ్వాలి, దాని మీద దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో తెలుపును రుద్దితే పచ్చి సొన, అంచుల్లో దట్టంగా పెడితే ఉడికిన సొన. తడి మీద తడి పెడితే ఇది రాదు. వేసే ముందు మీ ఇంట్లోనే మట్టి మూకుడులో ఒక గుడ్డు కొట్టి, స్టవ్ సిమ్‌లో పెట్టి కళ్లార్పకుండా చూడండి, సొన ఏ వైపు నుంచి తెల్లబడుతూ వస్తుందో ఒకసారి చూస్తే ఎన్ని ఫోటోలు చూసినా రానిది అర్థమవుతుంది.

మీవారి మాటలో సగం తీసుకోండి. ఆపిల్ వద్దు గానీ, తెల్ల గిన్నె మీద కత్తి అడ్డంగా పెట్టి, ఎడమ పక్క కిటికీ ఒక్కటే తెరిచి, దాన్ని ఎదురుగా చూసి చిన్న కార్డు మీద వేయండి. కత్తి నీడ గిన్నె లోపలి గుంటలో ఎలా వంగిందో చూశాక వెలాస్కెజ్ కత్తి నీడ వైపు చూస్తే ఆయన ఎంత శ్రద్ధగా చూశాడో తెలుస్తుంది. అలా ఉల్లిపాయ, రోలు కూడా వేసుకుని ఆ తర్వాత పెద్ద కాన్వాస్ ముట్టుకుంటే చెయ్యి తడబడదు.

ఆరడం గురించి ఒక మాట. నూనె రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి పలచగా వేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటదు. తెలుపు, ఐవరీ బ్లాక్ నెమ్మది. కావలిలో అక్టోబర్, నవంబర్ ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఆలస్యమవుతుంది, తొందరపడి ఎండలో పెట్టవద్దు, గాలి తగిలే గదిలో ఉంచండి. కింది పొరల్లో నూనె తక్కువ, పైకి వచ్చేకొద్దీ ఎక్కువ. తిరగేసి వేస్తే పై పొర ముందు ఆరి, కింది పొర తర్వాత కదిలి పగుళ్లు వస్తాయి. నూనె అంటే బొమ్మల సామాన్ల షాపులో దొరికే రిఫైన్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె గింజల నూనె. హార్డ్‌వేర్ షాపులో తలుపులకు వేసే డబుల్ బాయిల్డ్ రకం వాడితే కొన్నేళ్లకు అవ్వ మొహం పచ్చబడి నల్లబడుతుంది.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ చదువుతున్నా. ఫోన్ చూసి పాత బొమ్మలు వేస్తుంటా. ఒకే బొమ్మ ఒక్కో చోట ఒక్కో రంగులో ఉంటోంది, ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో నీలం. ఏది నమ్మాలి? భలే టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఆ బొమ్మ ఏ మ్యూజియంలో ఉందో వాళ్లే పెట్టిన ఫోటో తీసుకో తమ్ముడూ. పెద్ద మ్యూజియంలు చాలావరకు మంచి సైజు ఫోటోలు ఉచితంగానే ఇస్తున్నాయి, ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం అయితే బ్రష్ గీతలు లెక్కపెట్టుకునేంత పెద్దవి ఇస్తుంది. దాన్ని ఒంగోల్లో ఏదో ఒక ఫోటో ల్యాబ్‌లో మ్యాట్ పేపర్ మీద ప్రింట్ తీయించి, కాన్వాస్ మీద పడే వెలుగే ప్రింటు మీద కూడా పడేలా పక్కన పెట్టుకో. ఫోన్ తెర వెనక నుంచి వెలుగుతుంది, దాని మీద నీడలు ఉన్నదాని కంటే తేలికగా కనిపిస్తాయి, అందుకే నీ బొమ్మ పూర్తయ్యాక వెలవెలబోతుంది. రంగు కలిపాక ఆ కలిపే నైఫ్ కొన మీద కొంచెం తీసి ప్రింటు మీద ఆ చోట ఆనించి చూడు, కలిసిపోతే పెట్టు. అయినా రంగు అటూ ఇటూ అయితే ప్రాణం మీదకేం రాదు, వెలుగునీడల మెట్లు తప్పితేనే బొమ్మ నిలబడదు.

ప్రశ్న: సార్, మేం నెల్లూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా పాపకు ఆయాసం ఉంది. ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టాలని ఉంది గానీ టర్పెంటైన్ వాసనకు భయపడుతున్నాను.
— ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: భయపడటం మంచిదేనమ్మా, పాప సంగతి ముందు. టర్పెంటైన్ అసలు కొనకండి. అడుగు పూత, మొదటి గోధుమ రంగు పొర అక్రిలిక్ రంగులతో నీళ్లు కలిపి వేసేయండి, అక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వేయకూడదు. ఆపైన పొరలకు ట్యూబులోంచి వచ్చిన రంగు అలాగే వాడండి, చివరి పొరలకు రవ్వంత లిన్సీడ్. బ్రష్‌లు ముందు పాత గుడ్డకు తుడిచి, వంటనూనెలో జాడించి, తర్వాత బట్టల సబ్బుతో అరచేతిలో రుద్ది కడిగితే శుభ్రంగా వస్తాయి. రంగు గుడ్డలు ఉండగా చుట్టి చెత్తబుట్టలో పడేయకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. లిన్సీడ్ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది, నెల్లూరు మే నెల ఎండల్లో ఇంకా తొందరగా. బాల్కనీ తీగ మీద పరిచి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి. రంగు మిగిలిన నూనె సింకులో పోయవద్దు. రంగు చేతులతో పాప అన్నం ప్లేటు ముట్టుకోవద్దు, పాప నిద్రపోయే గదిలో తడి బొమ్మ పెట్టవద్దు.

ప్రశ్న: మాస్టారూ, వెలాస్కెజ్ ముసలమ్మ స్థానంలో మా అవ్వను కూర్చోబెట్టి, గుడ్ల బదులు కారం దోసె పోస్తున్నట్టు అదే పద్ధతిలో వేయాలని ఉంది. అలా మార్చవచ్చా? మావాడొకడు ఇది దొంగతనం అంటున్నాడు. అమ్మితే తప్పా?
— ఒక యువకుడు, ఆత్మకూరు

జవాబు: దొంగతనం ఏముంది నాయనా, వెలాస్కెజ్ 1660లో పోయాడు, ఆయన బొమ్మ మీద ఇప్పుడు ఎవరి హక్కూ లేదు. అచ్చంగా చూసి వేసిందాన్ని కూడా అమ్ముకోవచ్చు, ఒరిజినల్ అని చెప్పి అమ్మకూడదు, అంతే. వెనక నీ పేరు, సంవత్సరం, ‘వెలాస్కెజ్ చిత్రం చూసి వేసినది’ అని రాయి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం తెరిచిన 1793 నుంచి అక్కడ చిత్రకారులు కూర్చుని పాత బొమ్మలు వేసుకుంటూనే ఉన్నారు, అసలు సైజులో వేయకూడదన్న నియమం మాత్రం పెట్టారు. నువ్వూ అదే పాటించు.

అవ్వను కూర్చోబెట్టే ఆలోచన నాకు చాలా నచ్చింది. వెలాస్కెజ్ చేసిందీ అదే కదా, తన ఊళ్లో కుండలు, తన ఊళ్లో మనుషులు. ఒక పల్లెటూరి కుర్రాడికి డబ్బులిచ్చి కూర్చోబెట్టుకుని ఏడుస్తున్నట్టు, నవ్వుతున్నట్టు రకరకాలుగా గీసుకునేవాడని పచేకో రాశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో అదే 1618 నాటి ఇంకో వంటింటి బొమ్మ ఉంది, మార్తా, మేరీల ఇంట్లో క్రీస్తు, అందులోనూ ఈ ముసలమ్మలాంటి మొహమే కనిపిస్తుంది.

రెండు మూడు విషయాలు చూసుకో. వెలాస్కెజ్ బొమ్మలో వెలుగు కుంపట్లోంచి రావడం లేదు, బయటి నుంచి, ఎడమ పక్క నుంచి వస్తోంది. నువ్వు గ్యాస్ మంట వెలుగుతో అవ్వ మొహం వేయబోతే పూర్తిగా వేరే బొమ్మ అవుతుంది. వంటింట్లో లైట్లన్నీ ఆపి ఎడమ కిటికీ ఒక్కటే తెరువు, వెనక గోడకు ముదురు దుప్పటి కట్టు. స్టీలు గిన్నెలు తీసెయ్. స్టీలు గిన్నెలో గది మొత్తం కనిపిస్తుంది, నీ చొక్కా రంగు కూడా, వాటిని వేయడం మనిషి మొహం వేయడం కంటే కష్టం. మట్టి, ఇత్తడి, రాతి రోలు, చెక్క గరిటె పెట్టు. దోసె పెనం నల్లగా ఉంటుంది కాబట్టి పిండి తెలుపు బాగా ఎగసి కనిపిస్తుంది, అవ్వ చీర తెల్లదైతే రెండూ పోట్లాడతాయి, ముదురు రంగు నేత చీర కట్టుకోమను. కారం ఎరుపు దోసె మీద తప్ప ఇంకెక్కడా పెద్దగా రానివ్వకు.

అవ్వను గంటలు గంటలు కూర్చోబెట్టకు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి లేపు, మంచినీళ్లివ్వు, మళ్లీ అదే వెలుగు ఉన్న వేళ మర్నాడు కూర్చోమను. చేతులు విడిగా, మొహం విడిగా చిన్న కార్డుల మీద వేసుకుని వాటిని పెద్ద కాన్వాస్ మీదకు తెచ్చుకో. ఫోటో తీసుకోవద్దనను, చెయ్యి ఎక్కడుందో గుర్తుకు పనికొస్తుంది. రంగుకు మాత్రం అవ్వనే చూడు.

ప్రశ్న: బొమ్మ పూర్తయిన వెంటనే వార్నిష్ కొట్టొచ్చా సార్? సముద్రం దగ్గర ఇల్లు, గోడలకు చెమ్మ వస్తుంది.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, సింగరాయకొండ

జవాబు: వెంటనే వద్దండి. పలచగా వేసిందయితే ఆరు నెలలు, దట్టంగా రంగు పెట్టిన చోట్లుంటే ఏడాది ఆగండి. ముందే కొడితే రంగు లోపల ఆరకుండా పైన మూత వేసినట్టవుతుంది. ఈలోగా బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టకండి, దుమ్ము పడకుండా ముందు ఒక పలచని బట్టను రంగుకు తగలకుండా వేలాడదీయండి చాలు. వానాకాలం వార్నిష్ కొడితే తెల్లటి మసక పట్టే ప్రమాదం ఉంది, ఫిబ్రవరి, మార్చిలో పొడిగా ఉన్న రోజు చూసి కొట్టండి. చెమ్మ గోడకు ఫ్రేము నేరుగా ఆనించకండి, వెనక నాలుగు మూలలా సీసా కార్కు బిళ్లలు అతికిస్తే గాలి ఆడుతుంది, కాన్వాస్ వెనక బూజు పట్టదు. పట్టినట్టు అనుమానం వస్తే తడి బట్టతో తుడవకుండా బయట నీడలో రెండు రోజులు ఆరబెట్టి, మెత్తని పొడి బ్రష్‌తో దులపండి.